ఇస్తానన్న గొంతు

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా ఇంటి భోజనాల బల్ల మీంచి నా హార్డ్ డిస్కు కింద పడింది. ఎత్తు మూడడుగులకు మించదు. చుట్టాలొచ్చారు, కంచాలు పెట్టాలి, బల్ల ఖాళీ చెయ్యాలి. ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఇంకో చేత్తో పుస్తకాలు తీస్తుంటే వైరుకు వేలాడుతున్న డిస్కు జారిపోయింది. అప్పటికది తిరుగుతూనే ఉంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గడియారంలా టిక్కు టిక్కుమంటోంది. చప్పుడు వస్తోంది కదా, బతికే ఉందనుకున్నాను. అది చెడిపోయిన చప్పుడని మర్నాడు తెలిసింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాల మధ్య ఒక చిన్న గదిలో కూర్చున్న కుర్రవాడు ఓపిగ్గా చెప్పాడు. డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలుంటాయి. అవి నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటిమీద అయస్కాంతపు పూత, ఆ పూతలోనే మన రాతలు, ఫోటోలు, మాటలు. వాటిని చదివే ముల్లులాంటి భాగం పళ్ళేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎడంలో గాలి పొరమీద తేలుతుంది. మన తలవెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల వరకూ ఉంటుందంటే ఆ ఎడం ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు. తిరుగుతుండగా కింద పడితే ఆ ముల్లు పళ్ళేన్ని గీరేస్తుంది. గీరిన చోట ఉన్నది పొడై రాలిపోతుంది. దుమ్ము లేని గదిలో విప్పి, అదే రకం డిస్కు నుంచి ఇంకో ముల్లు తెచ్చి అమర్చి ప్రయత్నించవచ్చు. హామీ మాత్రం ఇవ్వలేమన్నాడు.

చివర్లో అడిగాడు: "బ్యాకప్ లేదా మేడమ్?"

ఆ తర్వాత నెల రోజులపాటు నా సంగతి విన్న ప్రతివాళ్లూ అడిగిన ప్రశ్న ఇదే. మా ఆయన అడిగాడు, తోటి లెక్చరర్లు అడిగారు, ఊళ్లో ఉన్న మా తమ్ముడు ఫోన్లో అడిగాడు. ఇంట్లో ఎవరి ఆధార్ కార్డు ఎక్కడుందో, ఎవరి రక్తపరీక్ష కాగితాలు ఏ కవర్లో ఉన్నాయో, గ్యాసు పుస్తకం ఏ సొరుగులో ఉందో నాకు తెలుసు. అందరి కాగితాలూ భద్రంగా పెట్టే నేను నావి పెట్టుకోలేకపోయాను. నాకు రాసుకోవడానికి బల్ల లేదు. భోజనాల బల్లే నా బల్ల. రోజుకు మూడుసార్లు దాన్ని ఖాళీ చెయ్యాలి. రాసే స్త్రీకి తనదంటూ ఒక గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో వాదించింది. గది మాట అటుంచి, నాకు ఒక సొరుగు దొరికినా ఆ డిస్కు పడేది కాదేమో.

ఈ వాదన నిజమే. కానీ దాని వెనక దాక్కోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నా బల్ల గురించి నేను చెయ్యగలిగిన ఫిర్యాదు వేరు, ఆ బల్లమీద ఇతరుల సొమ్ము పెట్టుకుని నేను చేసిన పని వేరు. ఈ రెండో దాని గురించి చెప్పాలి.

డిస్కు పోయిన మొదటి పది రోజులు నేను ఏడ్చింది నావాటి కోసమే. అచ్చుకు పంపని కవితలు, సగంలో ఆగిన నవల, పాప మొదటి అడుగుల వీడియో, మా అమ్మ ఆవకాయ కొలతలు చెబుతుంటే టైపు చేసుకున్న కాగితం. పాతికేళ్ల వయసులో ఒక స్నేహితురాలికి రాసి పంపని ఉత్తరాలు. వీటి గురించి ఎంతైనా రాయవచ్చు, రాస్తే చదివేవాళ్లకూ కళ్లు చెమరుస్తాయి. కానీ పదకొండో రోజున దుకాణం నుంచి ఒక జాబితా వచ్చింది. డిస్కులో ఏ ఫైలు ఏ పేరుతో ఉందో చెప్పే పట్టిక మాత్రం చదవగలిగారట. లోపలి సరుకు చాలావరకు రాలేదు. పేర్లు, తారీఖులు, ఎన్ని మెగాబైట్లో అంకెలు. విషయసూచిక మిగిలి పుటలన్నీ చినిగిపోయిన పుస్తకంలా ఉందది.

ఆ జాబితాలో కిందికి పోతుంటే వరసగా ఆడవాళ్ల పేర్లు కనిపించాయి. ఇరవై మూడు పేర్లు. అప్పటిదాకా వాళ్లు నాకు గుర్తుకు రాలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

2014 నుంచి 2016 వరకు నా పీహెచ్‌డీ కోసం నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీల జీవన కథనాలు రికార్డు చేశాను. అరవై గంటలకు పైగా మాటలు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే పని వాళ్ల చేతులు చేస్తూనే ఉండేవి. కూలీ వెయ్యి బీడీల లెక్కన. నాతో మాట్లాడినంతసేపూ చెయ్యి ఆగితే కూలీ ఆగుతుంది. అందుకని ప్రతి రికార్డులో మాట వెనక కత్తెర చప్పుడుండేది. ఏడుపొచ్చిన చోట మాట ఆగినా కత్తెర ఆగేది కాదు. అక్షరాల్లోకి ఎత్తి రాసుకున్నప్పుడు ఆ చప్పుడు రాయలేదు. రాయడానికి మన దగ్గర గుర్తులూ లేవు.

వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. వరసలతోనే చెప్తాను. ముగ్గురి సంగతి చెప్పాలి.

ఒకామెను పెద్దవ్వ అనేదాన్ని. ఆమె 2019లో చనిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమె కూతురు నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. "మా అమ్మ గొంతు మీ తాన ఉన్నదట గద మేడమ్. జర నా ఫోన్ల ఎక్కిస్తరా?" అని అడిగింది. ఆ ఇంట్లో పెద్దవ్వ ఫోటోలు నాలుగున్నాయి, గొంతు ఎక్కడా లేదు. ఇస్తానన్నాను. నిజంగానే ఇద్దామనుకున్నాను. ఈ సెమిస్టర్ అయ్యాక, ఆ సెమినార్ అయ్యాక, ఫైళ్లు సర్దాక. తర్వాత ఇంకో సంగతి అడ్డం పెట్టుకున్నాను: పెద్దవ్వ నాకు ఇంటి గొడవలు కూడా చెప్పింది, అవి కూతురు వినవచ్చునా? ఇది మంచి ప్రశ్నే. కానీ అది నేను ఆలస్యం చేశాక వెతుక్కున్న కారణం, ఆలస్యానికి కారణం కాదు. కూతురు మూడుసార్లు ఫోన్ చేసి మానేసింది.

రెండో ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఒకరోజు తన జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పి, రెండు రోజుల తర్వాత "అది తీసెయ్యి, ఎవ్వలకు తెల్వద్దు" అంది. తీసేశానని చెప్పాను. తియ్యలేదు. థీసిస్‌లో వాడలేదు, ఎవరికీ వినిపించలేదు. అంత నిజాయితీ అయితే పాటించాను. కానీ అంత బలమైన కథనాన్ని చేజేతులా చెరపడానికి నాలోని పరిశోధకురాలు ఒప్పుకోలేదు. ఎప్పటికైనా పనికొస్తుందని ఉంచాను. దేనికి పనికొస్తుంది, ఎవరికి పనికొస్తుంది అని నన్ను నేను అడగలేదు.

మూడో ఆమె చిన్నమ్మ. ఆమె సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ప్రశ్న ఇది. ఇమ్మన్న గొంతు ఇవ్వలేదు. చెరపమన్న గొంతు చెరపలేదు. ఒక్క పాటున డిస్కు రెండింటినీ ఒకే తీరుగా తుడిచేసింది. దీన్ని ప్రమాదం అని పిలవవచ్చునా?

మనం పోగొట్టుకున్నదాని గురించి మాట్లాడేటప్పుడు అది మనదే అన్న నమ్మకం ముందే ఉంటుంది. నా డేటా పోయింది, నా ఫీల్డ్‌వర్క్ పోయింది అన్నాను అందరితో. మా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో ఒక అంగీకార పత్రం ఇచ్చారు. దాన్ని తెలుగులో చదివి వినిపించి సంతకాలో వేలిముద్రలో తీసుకున్నాను. వాళ్ల మాటలతో నేను ఏమేం చెయ్యవచ్చో అందులో ఉంది. ఆ మాటల విషయంలో వాళ్లకు నేనేం చెయ్యాలో ఒక్క వాక్యం లేదు. ఎన్నాళ్లు దాచాలి, ఎవరడిగితే ఇవ్వాలి, చెరపమంటే ఏం చెయ్యాలి, ఏమీ లేదు. ఆ కాగితం దృష్టిలో వేలిముద్ర పడిన క్షణం నుంచి ఆ మాటలు నావి. పొలం కాగితాల మీద ఆడవాళ్ల వేలిముద్రలు తీసుకున్న మగవాళ్ల కథలు క్లాసులో పాఠం చెప్తాం. నేను తీసుకున్న వేలిముద్రలు ఆ కథల పక్కన పెట్టి చూసుకోవాలని నాకెప్పుడూ తోచలేదు.

భద్రపరచడం అనే మాట మనకు ఇష్టమైన మాట. స్త్రీల చరిత్ర పోయింది, దాన్ని భద్రపరుస్తున్నాం అంటాం. నా థీసిస్ ముందుమాటలో కూడా ఆ మాట ఉంది. అసలు మన సాహిత్యంలో ఏది ఎట్లా మిగిలిందో చూస్తే ఈ మాట మీద అనుమానం వస్తుంది. తాళ్లపాక వారి కీర్తనలు రాగిరేకులకెక్కాయి, తిరుమల ఆలయంలో గది దొరికింది. దంచుళ్ల పాటలకు, నాట్ల పాటలకు రాగీ లేదు, గదీ లేదు. అయినా అవి మిగిలాయి. ఒక పాట పది నోళ్లలో ఉంది కాబట్టి ఒక నోరు మూతపడ్డా తొమ్మిది నోళ్లలో బతికింది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1887లో అచ్చువేసినప్పుడు పద్యాలు తీసేశారు, ఆమె తన గురించి చెప్పుకున్న భాగమూ పోయింది. అయినా బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి పూర్తి పాఠాన్ని 1910లో వేయించగలిగింది. మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించినా, 1947లో నిషేధం తొలగేదాకా ఆ పుస్తకం చావలేదు. ఎవరో ఒకరి దగ్గర ఇంకో ప్రతి ఉండడమే దాని ప్రాణం. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి చేయించింది కూడా తాళపత్రాలు పోగుచెయ్యడం ఒక్కటే కాదు, వాటికి ప్రతులు రాయించడం.

నేను చేసింది దీనికి తలకిందులు. ఊళ్లో ఇరవై మూడు నోళ్లలో, వాళ్ల కూతుళ్ల చెవుల్లో, వాడకట్టు ముచ్చట్లలో ఉన్నదాన్ని ఒకచోటికి తెచ్చి, ఒక్క ప్రతి చేసి, నా బల్లమీద పెట్టుకున్నాను. 1956లో వచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రం రెండు ఫ్రిజ్‌లంత ఉండేదట, అందులో పట్టింది యాభై లక్షల అక్షరాలు. నా డిస్కు అరచేతిలో పడుతుంది. ఇరవై మూడు జీవితాలు అరచేతిలో పట్టడం ఎంత సౌకర్యమో, అరచేతిలోంచి జారడం అంత సులువు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది 1986లో, ముందు తెలుగులో. ఇంగ్లీషు పుస్తకం మూడేళ్లకు గాని రాలేదు. ఆ క్రమంలో ఒక మర్యాద ఉంది. ఎవరి మాటలో ముందు వాళ్ల భాషలో. ఆ పుస్తకం చదివే నేనీ పనికి దిగాను. దాని పద్ధతి నేర్చుకున్నాను, మర్యాద నేర్చుకోలేదు.

జూన్‌లో వెళ్లాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు.

ముందు చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె దగ్గర చెప్పడం తేలికని తెలుసు, అందుకే ముందు అక్కడికి. నేను తలొంచుకుని డిస్కు సంగతి చెప్తుంటే ఆమె చాట ఒళ్లోకి లాక్కుని, "డబ్బ పోతె పోయింది తీ బిడ్డా. నేనింక పోలే గద. కూసో, మల్ల చెప్త" అంది. మళ్లీ చెప్పింది. పదేళ్ల కింద చెప్పిన కథ కాదది. అప్పుడు మొగుడి తాగుడు గురించి గంటసేపు చెప్పి కార్ఖానా గొడవ గురించి రెండు ముక్కల్లో తేల్చింది. ఈసారి మొగుడు రెండు ముక్కల్లోనే పోయాడు, కార్ఖానా ముందు కూచున్న రోజులు సాయంత్రం దాకా నడిచాయి. అప్పటి రికార్డు ఉండి ఉంటే నేను ఈ రెండో కథనం వినడానికి వెళ్లేదాన్నే కాదు. ఆమె జీవితం నా దగ్గర ఉందనుకుని పదేళ్లు హాయిగా ఉన్నాను. ఆమె మాత్రం ఈ పదేళ్లూ తన జీవితాన్ని మార్చి మార్చి చెప్పుకుంటూ బతుకుతూనే ఉంది.

అక్క ఇంటికి మధ్యాహ్నం పోయాను. రికార్డులు పోయాయని చెబితే ఆమె మొహంలో దిగులేమీ లేదు. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ సంగతి అప్పుడు చెరపలేదని, ఇన్నాళ్లూ నా దగ్గరే ఉందని, ఇప్పుడు నిజంగా పోయిందని చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. ఆమె చెయ్యి ఆగడం నేను చూసింది అదే మొదలు.

"అప్పుడే తీసేసిన్నంటివి గదనే?"

మాట్లాడలేదు నేను.

"నువ్వు చెప్పకుంటె నాకు ఎర్కయ్యేదే కాదు. ఇప్పుడెందుకు చెప్పినవ్?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నిజం చెప్పడం మంచిదని పెరిగినదాన్ని. కానీ ఆ మధ్యాహ్నం నేను చెప్పిన నిజంతో నా బరువు దిగింది, ఆమె మీద కొత్త బరువు పడింది. ఎనిమిదేళ్లు ఎవరైనా విన్నారేమోనన్న అనుమానం ఆమెకు వెనక్కి పోయి మొదలైంది. అబద్ధం చెప్పినప్పుడూ నా అవసరమే చూసుకున్నాను, నిజం చెప్పినప్పుడూ నా అవసరమే చూసుకున్నాను. అయినా చెప్పకపోవడమే మేలని కూడా అనలేను. తనది తన అనుమతి లేకుండా ఎవరి దగ్గరో ఉందన్నది తెలుసుకునే హక్కు ఆమెది. ఆ హక్కు తీర్చే మనిషిని నేను కావడమే చిక్కు. ఇంకొకటి కూడా ఉంది. డిస్కు మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. ఆమె చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది. దాన్ని చెరిపే దారి నాకు తెలియదు. దాన్ని ఎక్కడా చెప్పకపోవడం, ఈ వ్యాసంలో కూడా చెప్పకపోవడం ఒక్కటే చెయ్యగలిగింది. పోయేటప్పుడు ఆమె నీళ్లిచ్చింది కానీ మళ్లీ రమ్మనలేదు.

పెద్దవ్వ కూతురి దగ్గరికి చీకటి పడ్డాక వెళ్లాను. రాత్రి అక్కడే ఉండమంది. సంగతి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "ఒక్క మాట గూడ లేదా?" అంది. మాటలున్నాయి, గొంతు లేదు అన్నాను. థీసిస్‌లో ఆమె అమ్మ కథనం పదకొండు పేజీలుంది. పట్టుకొచ్చాను, చదవడం మొదలుపెట్టాను. అర పేజీ అయ్యిందో లేదో ఆమె ఆపింది.

"మా అమ్మ గిట్ల మాట్లాడది అక్కా. ఇది మీ ముచ్చట లెక్కున్నది, మా అమ్మ ముచ్చట లెక్క లేదు."

పేజీ వైపు చూశాను. 'నేను వచ్చేసరికి పొద్దుపోయింది' అని ఉంది. పెద్దవ్వ అన్నది 'నేనచ్చెవరకు పొద్దువోయింది' అని. చదివేవాళ్లకు అర్థం కావాలి కదా అని ఆనాడు వాక్యాలన్నీ సాఫు చేశాను. కొన్ని మాటలు మాత్రం రుచికి ఉంచాను. మా అమ్మమ్మ కూడా 'అచ్చిన' అనే అనేది. బడిలో నేను దిద్దుకున్న భాషతోనే పెద్దవ్వ నోరు కూడా దిద్దాను. డిస్కు పడకముందే, ఎనిమిదేళ్ల ముందే, ఆమె గొంతును నేను ఒకసారి పోగొట్టాను. రికార్డు ఉంది కదా అన్న ధీమాతో ఆ పని చేశాను. ఈసారి బ్యాకప్ లేదా అని ఎవరూ అడగలేదు. డాక్టరేట్ ఇచ్చారు.

ఆమె పదో తరగతి చదివింది. పెన్ను తీసుకుంది. నేను వాక్యం చదువుతాను, ఆమె కళ్లు మూసుకుని అమ్మ ఎట్లా అనేదో అని చూసుకుంటుంది, దిద్దుతుంది. ఆ రాత్రి మూడు పేజీలయ్యాయి. తర్వాత రెండుసార్లు వెళ్లి మిగతావి పూర్తి చేశాం. ఆమె దిద్దినది పెద్దవ్వ సొంత మాటేనని రుజువు లేదు. ఒక కూతురి జ్ఞాపకంలో తల్లి మాట అది. నేను రాసుకున్నదానికంటే దగ్గర అని మాత్రం నాకు తెలుసు. గొంతు అయితే రాలేదు. దాన్ని ఏదీ పూడ్చదు, ఆ మాట ఆమెతోనూ అన్నాను. ఆమె నన్ను క్షమించిందో లేదో అడగలేదు. అడిగితే అది కూడా నాకోసమే అవుతుంది.

ఇప్పుడు చిన్నమ్మ కొత్త రికార్డు నా దగ్గర ఒకటుంది, ఆమె మనవరాలి ఫోన్లో ఒకటుంది. ఆ సాయంత్రమే, ఇంట్లోంచి కదలకముందే ఎక్కించాను. వెళ్లే ముందు మళ్లీ వినిపించి, ఏదైనా తీసెయ్యాలా అని అడిగాను. ఒకచోట తీసెయ్యమంది. ఆమె చూస్తుండగా రెండుచోట్లా తీసేశాను.

దిద్దిన పదకొండు పేజీల అసలు ప్రతి పెద్దవ్వ కూతురి దగ్గరుంది. జిరాక్సు నా దగ్గర. అందులో ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాకు కుదరలేదు. కూతురి గురించి పెద్దవ్వ అన్న మాట అది. "మా అమ్మ ఇట్ల అనలే" అంది ఆమె. అన్నదని నాకు గుర్తు. వినిపించి చూపడానికి రికార్డు లేదు. ఉన్నా వినిపించేదాన్నో కాదో తెలియదు. కొట్టెయ్యమని అడుగుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి ఆ వాక్యం పక్కన పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టి, తర్వాతి వాక్యం చదవమంది.